ప్రతి అంతస్తులో ఆగే లిఫ్టు

రామ్మోహనరావు సారు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష చెప్పేవాడు. రెండువేల సంవత్సరం రాకముందు ఆయన క్లాసంటే అమీర్‌పేటలో మా ఇన్‌స్టిట్యూట్ ఉన్న బిల్డింగు మెట్ల మీద దాకా కుర్రాళ్లు నిలబడేవాళ్లు. పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడానికి విదేశాల వాళ్లకి మనుషులు కావలసివచ్చారు. సరిచేయడం అయిపోయింది. మనుషులతో పనీ అయిపోయింది.

అంతకుముందు సారు గుంటూరులో ఒక పెద్దాఫీసు జీతాల బిల్లులు కంప్యూటర్లో తీసేవాడట. ఒక ఉద్యోగి రికార్డు చదవాలి, జీతం తేల్చాలి, తర్వాతి మనిషి. ఫైలు అయిపోయేదాకా అంతే. రానురాను మనిషే అలా తయారయ్యాడు. పంజాగుట్ట నుంచి నడిచొస్తూ ప్రతి షాపు బోర్డూ చదివేవాడు. ఒకటి వదిలేస్తే వెనక్కి వెళ్లేవాడు. మధ్యలో పిలిస్తే పలికేవాడు కాదు. నేను ఇంజినీరింగు వదిలేసి ఆ ఇన్‌స్టిట్యూట్ కౌంటర్లో కూచున్న కొత్తలో, ఆయనకి చెవుడనుకున్నాను.

ఇన్‌స్టిట్యూట్ నడిపే హైమవతి గారు ఒకరోజు తేల్చేసింది. "రావు గారూ, ఇక కోబాల్ వదిలి జావా చెప్పండి. సోమవారం డెమో. కుర్రాళ్లు చేరారా, మీరుంటారు. లేదంటే ఆ రూము టెస్టింగ్ కోర్సు వాళ్లు అడుగుతున్నారు. ఏమీ అనుకోకండి."

అమీర్‌పేటలో డెమో క్లాసు ఊరికే చెప్పాలి. నచ్చితే చేరతారు. నచ్చకపోతే పక్క బిల్డింగులో ఇంకో డెమోకి పోతారు.

సోమవారం రూము నిండింది. సారు బోర్డు మీద మా బిల్డింగు లిఫ్టు గీశాడు. దాన్ని జావాలో రాస్తానన్నాడు. కింద మొదలుపెట్టు. ఒకటో అంతస్తు, తలుపు తెరువు, ఎవరున్నారో చూడు, మూయి. రెండో అంతస్తు, తెరువు, చూడు, మూయి. పైదాకా అలాగే రాసుకుంటూ పోయాడు.

సిద్దిపేట నుంచి వచ్చిన హనుమాండ్లు లేచాడు. "సార్, నేను మూడో ఫ్లోర్ల బటన్ నొక్కిన. లిఫ్టు వస్తదా?"

"వస్తుంది. నీ వంతు రాగానే."

"గట్లైతే బటన్ ఎందుకు సార్? గది లిఫ్టు కాదు, పాసింజర్ బండి!"

"జర ఆగు భాయ్, నీ స్టేషన్ వచ్చినంక చెప్తడు" అని వెనకనుంచి ఇంకొకడు.

అందరూ పగలబడి నవ్వారు. సారు నవ్వలేదు. "నువ్వు నొక్కినట్టు దానికెలా తెలుస్తుంది నాయనా? అక్కడికెళ్లి తలుపు తీసి చూడాలి కదా. చూసేదాకా అక్కడ ఎవరూ ఉండరు."

నిజంగానే అడుగుతున్నాడు. అది అర్థమై నవ్వులు ఆగిపోయాయి. పిలిస్తే పలికే వస్తువు ఒకటుంటుందని, జావా అంతా దానిమీదే నడుస్తుందని ఆయనకి ఎక్కలేదు.

ఒక్కడూ చేరలేదు. రూము పోయింది.

సారు మాత్రం రావడం మానలేదు. మధ్యాహ్నాలు లిఫ్టెక్కి అన్ని బటన్లూ నొక్కేవాడు. ప్రతి అంతస్తులో తలుపు తెరుచుకోగానే తల బయటపెట్టి వరండా చివరిదాకా చూసేవాడు. కుర్రాళ్లు తిట్టుకుంటూ మెట్లెక్కేవాళ్లు.

ఒకరోజు నాలుగో అంతస్తులో బటన్ నొక్కి నిలబడ్డాను. కింద తలుపు తెరుచుకున్న చప్పుడు. మూసుకుంది. ఇంకాస్త పైన మళ్లీ. లోపల ఎవరున్నారో తెలిసిపోయింది. మెట్ల మీంచి దిగిపోవచ్చు. దిగలేదు. ఆ వరండాలో నేను తప్ప ఎవరూ లేరు.

తలుపు తెరుచుకుంది. సారు తల బయటపెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఉన్నావా?"

"ఉన్నాను సార్."

తలూపాడు. నేను ఎక్కకముందే తలుపు మూసుకుంది.