కొసరు సంచి

మొన్నటి వానలకు కొల్లేటి నీళ్లు మండవల్లి అవతల ఉన్న మా పిల్లల కేంద్రంలోకి వచ్చేశాయని అక్కడి టీచరమ్మ ఫోన్ చేస్తే, అలవాటు కొద్దీ కాగితం తీసుకుని, పోయినవన్నీ వరసగా చెప్పమన్నాను. బోర్డు ఒకటి, చాపలు పన్నెండు, బొమ్మల పుస్తకాలు రెండు అట్టపెట్టెలు, గోడ గడియారం, ప్రపంచపటం, వంటగిన్నెల మూతలన్నీ. గిన్నెలు మిగిలి మూతలే ఎలా కొట్టుకుపోయాయో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. చివర్న, "పైన మేకుకున్న నీలం సంచి మాత్రం తడవలేదండీ" అంది. పెన్ను పక్కన పెట్టేశాను. ఆ సంచి సంగతి మన వయసువాళ్లకే చెప్పాలి. కొసరు లేకుండా ఏదీ కొనని రోజులు చూసినవాళ్లం కదా.

నా చదువు ఎనిమిదితో ఆగింది. లెక్కలు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో, బస్తాలు దించే చప్పుడు మధ్య నోటితో కూడుకుంటూ నేర్చుకున్నవే. ఏలూరులో సొంత కొట్టు పెట్టుకుని కాస్త నిలదొక్కుకున్నాక, పిల్లల చదువుల కోసం దేశదేశాల్లో పనిచేసే ఒక సంస్థకు నెలనెలా చందా పంపేవాణ్ణి. ఎక్కడ ఎంతమంది చదువుతున్నారని నేను రాసే ప్రశ్నలకు విసిగారో మెచ్చుకున్నారో గాని, మా ప్రాంతానికి నన్నే సలహాదారుగా వేసుకున్నారు. నా మొదటి సలహా, కొల్లేటి ఒడ్డున మా మేనమామగారి ఊళ్లో కేంద్రం పెట్టమని. పిల్లల్ని లెక్కపెట్టే పని కూడా ఆయనకే అప్పజెప్పాను, చేపపిల్లల వ్యాపారంలో ఆయన లెక్క తప్పగా ఎవరూ ఎరుగరు.

ఆయన నలభై అయిదన్నారు, నలభై అయిదు నీలం సంచులు పుస్తకాలతో సహా దిగాయి. వెనకాలే కబురొచ్చింది: పెద్దాఫీసు దొరసాని స్వయంగా వచ్చి ఒక్కో బిడ్డ చేతికీ సంచి అందిస్తుందనీ, లేని పిల్లల్ని చూపించినట్టు తేలితే కేంద్రం ఎత్తేస్తారనీ. నేను వెళ్లి మావయ్యగారి అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి చూసుకుంటే నలభై మందే ఉన్నారు.

"మిగతా అయిదుగురూ ఏరండీ మావయ్యా?"

"కొసరురా అబ్బాయ్," అన్నారాయన తాపీగా. "చేపపిల్లల్ని తెప్పిస్తే దారిలో చచ్చేవాటికి కలిపే రాయిస్తాం కదా. అంత దూరాన్నించి వచ్చే సంచులు, నాలుగైదు పోవా అని కలిపి చెప్పాను."

"సంచులు ఊపిరాడక చస్తాయేంటండీ?" అంది లోపల్నించి అత్తయ్య.

నాకు నవ్వు రాలేదు. కేంద్రం ఎత్తేస్తే ఆ నలభై మందీ మళ్లీ చేపల చెరువు గట్ల మీద పిట్టల్ని తోలడానికే పోతారు. దొరసానికి నిజం చెప్పేద్దామని నేను ఒక పక్క మాటలు కూడబలుక్కుంటుంటే, అత్తయ్య చెప్పులేసుకుని బయల్దేరింది. కోతలైన చేలల్లో బాతులు మేపుకుంటూ తిరిగేవాళ్లు అప్పుడే ఊరి బయట గుడారాలు వేశారు. "వాళ్లకీ పిల్లలున్నారు. ఎవరైనా లెక్కపెట్టారేంట్రా?" అంది.

బాతులావిడ ఒప్పుకోలేదు. "పిల్లలు బడికొస్తే బాతుల్నెవరు తోల్తారమ్మా?"

"మిట్టమధ్యాహ్నం నీ బాతులు నీళ్లలోంచి లేస్తాయా? ఆ కాసేపూ పంపించు. గుడ్లన్నీ నేనే కొంటాను."

అలా కేంద్రం వేళలు బాతుల నిద్రను బట్టి మారాయి. నలుగురు వచ్చి చాపల మీద కుదురుకున్నారు. అయిదోది, అందరిలోకీ చిన్నది, ఒళ్లో కుంటి బాతును పెట్టుకుని "రేపొస్తానండీ" అంది. రోజూ అదే మాట.

దొరసాని వచ్చి సంచులు పంచితే ఆవిడ చేతిలో ఒకటి మిగిలింది. మావయ్య గొంతు సవరించుకుని గోడ వైపు చూశారు. నేను లేచి జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. కొసరంటే ఏమిటో ఆవిడకు వివరించేసరికి దుబాసీ అమ్మాయికి చెమటలు పట్టాయి. అంతా విని ఆవిడ, ఆ అయిదో పిల్ల ఎక్కడని అడిగింది. "రేపొస్తానందండీ," అంది అత్తయ్య, తడుముకోకుండా. దొరసాని నవ్వి, అయితే రేపటిదాకా ఇది ఇక్కడే ఉంటుందంటూ తన చేత్తోనే సంచిని మేకుకు తగిలించింది. కేంద్రం నిలిచింది.

ఆ రేపు రాకముందే బాతులవాళ్లు గుడారాలు ఎత్తేశారు. నలుగురూ సంచులు భుజాన వేసుకుని బాతుల వెనక గట్టు మీద నడిచిపోవడం నేను చూశాను. తరవాత ప్రతి కోతలకీ అత్తయ్య కొత్త గుడారాల దగ్గరికి వెళ్లి కుంటి బాతును ఒళ్లో పెట్టుకున్న ఆ చిన్నదాని గురించి అడిగేది. ఆ సంచిని మాత్రం ఎవర్నీ దించనివ్వలేదు.

ఇప్పుడు మా కొట్లోనూ ఎలక్ట్రానిక్ కాటానే. గ్రాముతో సహా చూపిస్తుంది, ఎవరూ కొసరడగరు, నేనూ వెయ్యను. లెక్కలవాణ్ణి, నాకది సుఖంగానే ఉండాలి. కానీ మావయ్య కొసరు కలపకపోయి ఉంటే ఆ నలుగురు మాకు కనబడేవారే కాదు గదా అనిపిస్తూ ఉంటుంది.

బోర్డు, చాపలు, గిన్నెల మూతలు ఈ వారమే పంపిస్తున్నాను. ఆ పిల్లకు ఈపాటికి అప్పటి తనంత బిడ్డ ఉండే ఉంటుంది. ఎవరొచ్చినా సరే, సంచి పొడిగానే ఉంది. నలభై అయిదులో నలభై నాలుగు పోను, ఈనాటికీ రావలసింది ఒకరు.