గాలంటే గిట్టని ఏసురత్నం మాస్టారు

ఏసురత్నం మాస్టారికి గాలంటే గిట్టదు. పీల్చుకోవడానికి అభ్యంతరం లేదు గానీ, అది ఇంకో వస్తువును ముట్టుకుంటే మాత్రం సహించలేరు. కూజాకు మూత, మూతకు గుడ్డ, గుడ్డకు మైనం. అమ్మకు రాసే కార్డుముక్కను కూడా కవర్లో పెట్టి లక్క వేసేవారు. ఆయన వరండాలో కనబడితే పిల్లలు చేతిలో ఉన్న జంతికను గుప్పెట్లో దాచేసేవారు. లేకపోతే "గాలి తగుల్తోందిరా, గాలి తగుల్తోంది!" అంటూ వెంటపడేవారు మరి.

ఈ వైభవాన్ని అందరికంటే దగ్గర్నుంచి చూసింది ఆరోగ్యమ్మ. నందిగామలో ఆయన పనిచేసే హైస్కూల్లో సైన్సు గది ఊడ్చి, గాజుసామాను బూడిదతో తోమే పని ఆమెది. ఆరేళ్ళుగా టెంపరరీ.

"ఆ గాలి మీకేం అపకారం చేసిందండి మాస్టారూ?" అని ఓసారి అడిగేసింది.

"మూడేళ్ళు తినేసింది" అన్నారాయన.

నిజమే. మాస్టారు వాల్తేరులో మూడేళ్ళు రీసెర్చి చేశారు. క్రోమియం కార్బొనిల్ అని ఒక పొడి ఉంటుంది, తెల్లగా, అచ్చం కర్పూరంలా. ఫల్వీన్ అని నారింజరంగు నూనె ఒకటి ఉంటుంది. ఈ రెంటికీ జత కుదర్చడం ఆయన పని. కుదిరితే ఎర్రటి పలుకులు దిగుతాయి. వాటికి చిటికెడు గాలి తగిలిందా, ఎరుపు పోయి పాచిరంగుకు తిరుగుతాయి.

"నలభై రెండుసార్లు దించాను ఆరోగ్యమ్మా. నలభై ఒక్కసారి గాలి తగిలింది."

"మరా ఒక్కసారి?"

"చెయ్యి జారింది."

ఇంతలో స్కాలర్‌షిప్పు గడువు తీరిపోయింది. మాస్టారు వచ్చి నందిగామలో పడ్డారు. పలుకులు రాలేదు గానీ అలవాటు మాత్రం వెంట వచ్చింది.

స్కూలు మొత్తానికి రెండే ఫుట్‌బాలు బ్లాడర్లు. రెండూ మాస్టారి దగ్గరే ఉండేవి. శనివారం మధ్యాహ్నం ఒకటి చంకన పెట్టుకుని బస్టాండు దగ్గర బుల్లిబాబు సోడా షాపుకు వెళ్ళేవారు.

"ఓ బ్లాడరు గ్యాసు పట్టు, బుల్లిబాబూ."

"నిమ్మకాయ పిండమంటారా మాస్టారూ?"

"వేళాకోళం తర్వాత. అమ్మ ఆవకాయ పెట్టింది."

ఆ బ్లాడరుతో జగ్గయ్యపేట బస్సెక్కితే కండక్టరు, "ఎక్కడండీ ఇవాళ ఆట?" అనేవాడు. "ఆట కాదయ్యా, ఆవకాయ" అనేవారు మాస్టారు. ఇంటికెళ్ళగానే జాడీలో పచ్చడి మీదికి ఆ గ్యాసు వదిలి, మూత బిగించి, మైనం పూసేవారు. "నాలుగు వేళ్ళ ఎత్తు నూనె పోశాను గదరా, ఇంకా ఈ పిచ్చేంట్రా!" అని వాళ్ళమ్మ పుల్లమ్మ తల బాదుకునేది. కానీ వానాకాలంలో వీధంతా పచ్చళ్ళకు బూజు పట్టినా పుల్లమ్మ జాడీ మాత్రం నిన్న కలిపినట్టుండేది. మరుసటేడు ఇరుగుపొరుగు జాడీలు పదకొండు వరస కట్టాయి. మాస్టారు ఒక్కదానికీ కాదనలేదు.

"సోడా గ్యాసు గాలికన్నా బరువు. అడుగున కూర్చుని గాలిని బయటికి గెంటేస్తుంది" అని ఆరోగ్యమ్మకు పాఠం చెప్పారు.

"మా అత్తలాగన్నమాట."

"సరిగ్గా పట్టుకున్నావు!"

అరవై అయిదు ఎండాకాలంలో వాల్తేరు ప్రొఫెసరు గారి దగ్గర్నుంచి ఉత్తరం, దాంతోపాటు చిన్న సీసాల్లో ఆ తెల్లపొడీ, నారింజ నూనే వచ్చాయి. నెలాఖరు సోమవారం కారులో హైదరాబాదు వెళ్తూ నందిగామలో ఆగుతాననీ, అర గ్రాము ఎర్ర పలుకులు చేతిలో పెడితే జూన్‌లో ఫెలోషిప్పు నీదేననీ దాని సారాంశం.

మాస్టారికి నిద్ర లేదు. గాలిని గెంటడానికి స్కూల్లో నైట్రోజను సిలిండరెక్కడిది? సోడియం నైట్రైటూ, నవసాగరమూ కలిపి వేడిచేసి ఆ వాయువును తనే పుట్టించుకున్నారు. ఆ తెల్లపొడిని కాస్తే విషవాయువు వస్తుందని పనంతా వరండాలో పెట్టుకున్నారు. గాలంటే పడని మనిషి గాలాడే చోటు కోసం వెతుక్కోవడం చూసి ఆరోగ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పన్నెండు రోజులకు పలుకులు దిగాయి, దానిమ్మ గింజల్లా. పలుకులున్న గాజుగొట్టం మూతి కరిగించి అతకడానికి స్కూల్లో ఉన్న స్పిరిటు దీపం చాలదు. గొట్టానికి బిరడా బిగించి, మైనం పోసి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను సైన్సు గదిలోనే ఉంచి శనివారం జగ్గయ్యపేట వెళ్ళారు.

ఆరోగ్యమ్మ కష్టం ఆరోగ్యమ్మది. అప్పటికే హెడ్మాస్టరు కొండలరావు గారు వేలెత్తి చెప్పి ఉన్నారు. "మొన్న రిటార్టు పగలగొట్టావు, నిన్న బ్యూరెట్టు. జూన్‌లో నీ పేరు పర్మినెంటుకు పంపుదామనుకుంటున్నా. ఇంకొక్కటి పాడయిందో, నిన్ను పంపించేస్తా."

ఆదివారం సైన్సు గదిలో గాజుసామాను తోముతూ ఆమె పెట్టె మూత ఎత్తి చూసింది. రోహిణి ఎండకు మైనం కరిగి పక్కకు జారిపోయి ఉంది. బిరడా చుట్టూ సందు! రెండో బ్లాడరు పట్టుకుని బస్టాండుకు పరిగెత్తింది.

"గ్యాసు పట్టు బుల్లిబాబూ, తొందరగా!"

"నీక్కూడా అంటుకుందా అక్కా, ఆ జబ్బు?"

తిరిగొచ్చి బిరడా తీసి, రబ్బరు గొట్టం లోపలికి పెట్టి, వంద లెక్కపెట్టి, మళ్ళీ బిగించి, మైనం పూసి బొటనవేలితో అదిమింది. సాయంత్రం చర్చిలో స్తోత్రం కూడా చెప్పుకుంది.

తెల్లారి పది గంటలకు కారొచ్చింది. ప్రొఫెసరు గారు, హెడ్మాస్టరు గారు నిలబడి చూస్తుండగా మాస్టారు పెట్టె తెరిచారు. గొట్టంలో చెరువు పాచి. సోడా గ్యాసులో తేమ ఉంటుందనీ, బిరడా తీసిన క్షణమే గాలి దూరుతుందనీ ఆవకాయ పాఠంలో లేదు మరి.

మాస్టారు మైనం వైపు చూశారు. కొక్కేనికి వేలాడుతున్న బ్లాడరు వైపు చూశారు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆరోగ్యమ్మను చూశారు.

"ఇదేంటయ్యా, పచ్చగా ఉంది?" అన్నారు ప్రొఫెసరు గారు.

"గాలి తగిలిందండి."

"మూత ఎవరు తీశారు?" హెడ్మాస్టరు గారి గొంతు ఉరిమింది. చూపు గుమ్మం వైపు తిరిగింది. ఆరోగ్యమ్మ నోరు తెరవబోయింది.

"నేనేనండి" అన్నారు మాస్టారు.

"నువ్వా! ఎందుకు?"

"వాసనెలా ఉంటుందో చూద్దామని."

హెడ్మాస్టరు గారు మాస్టారిని ఎగాదిగా చూశారు. ఉప్పు డబ్బా మూత తీసినా ఊరుకోని మనిషి! ప్రొఫెసరు గారు, "మూడేళ్ళు చూడని వాసన ఇవాళేం ముంచుకొచ్చిందయ్యా" అని నిట్టూర్చి, సోడా తాగి, కారెక్కి హైదరాబాదు దారిన వెళ్ళిపోయారు. జూన్‌లో ఫెలోషిప్పు ఇంకెవరికో పోయింది.

"నేను చెప్పేస్తానండి, హెడ్మాస్టారితో" అని, మైనం జారిన సంగతి చెప్పుకుని ఏడ్చింది ఆరోగ్యమ్మ.

"మైనం జారినప్పుడే అది పోయింది. నువ్వు చేసింది వైద్యం. కొన్ని మాటలకు గాలి తగలకూడదు, మూత పెట్టెయ్" అన్నారు మాస్టారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "ఇంతకీ ఎంతసేపు పట్టావు గ్యాసు?"

"వంద లెక్కపెట్టానండి."

"వందంటే సరిపోతుంది. ఆవకాయకైతే."

జూన్‌లో ఆరోగ్యమ్మ పర్మినెంటయింది. దసరా సెలవుల్లో మాస్టారు మిగిలిన పొడితో మళ్ళీ పలుకులు దించి పంపారు. అసలైనవేననీ, వచ్చే ఏడు చూద్దామనీ జవాబొచ్చింది. ఆ వచ్చే ఏడు మాత్రం రాలేదు. మాస్టారు బాధపడ్డారో లేదో ఎవరికీ తెలియదు. దానిక్కూడా మైనం వేసేసి ఉంటారు.

అరవై తొమ్మిదిలో కొండలరావు గారు రిటైరయ్యారు. వీడ్కోలు సభలో, లడ్డూలు పంచుతుండగా, ఆరోగ్యమ్మ లేచి నిలబడి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది.

కొండలరావు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు. "నాకు ఆ రోజే తెలుసమ్మా. మైనం మీద బూడిద వేలిముద్ర ఉంది. ఏసురత్నం ఏనాడు గిన్నెలు తోమాడు?"

సభంతా గొల్లుమంది. ముందు వరసలో మాస్టారు లబోదిబోమన్నారు. "ఎంత పని చేశావు ఆరోగ్యమ్మా! నాలుగేళ్ళు చెడకుండా ఉంచానే!"

"ఇప్పుడు చెడిందంటారా?"

మాస్టారు చుట్టూ నవ్వుతున్న మొహాలను కాసేపు చూశారు.

"లేదులే. ఇది గాలికి చెడే రకం కాదు" అని ఒప్పుకుని, తన లడ్డూ మీద మాత్రం ఆకు బోర్లించుకున్నారు.