బాబాయి బ్యాకప్

పాత డేటాబేస్ వాడుతున్న వాళ్ల దగ్గరికి వెళ్లి కొత్త వెర్షన్‌కి మారమని ఒప్పించడం నా ఉద్యోగం. ఒప్పించడమనేది మర్యాదకు అనే మాట. నిజానికి భయపెట్టడమే. "ఇది ఆగిపోతే ఇక మా కంపెనీ కూడా బాగుచేయలేదండీ" అంటాను. వాళ్లకంటే ముందు ఆ భయం నాకే పట్టుకుంటుంది.

నరసరావుపేట శివారులో ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. ఏ రైతు మిర్చి బస్తాలు ఏ చాంబర్లో, ఏ వరసలో ఉన్నాయో చెప్పేది అక్కడి కంప్యూటరే. మేనేజరు పెద్దాయన, బాబాయ్ అని పిలిచేదాన్ని. "నడిచేదాన్ని కెలకటం ఎందుకమ్మాయ్?" అంటూ వెళ్లినప్పుడల్లా టీ తాగించి పంపేసేవాడు. సీజన్ మధ్యలో ఒకరోజు సిస్టమ్ మొరాయించాక గానీ దిగిరాలేదు.

"బ్యాకప్ ఉందా బాబాయ్?" అని అడిగాను. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసిచ్చాడు.

"రోజూ సాయంత్రం నా చేత్తో నేనే కాపీ చేస్తా. ఇంకెవర్నీ ముట్టుకోనియ్యను."

ఆ ధీమా నాకూ అంటుకుంది. పెన్‌డ్రైవ్ తెరిచి చూడకుండానే కొత్త వెర్షన్‌కి మార్చడం మొదలుపెట్టేశాను.

పని సగంలో ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కుయ్‌కుయ్‌మని అదీ ఆగిపోయింది. కరెంటు వచ్చాక చూస్తే పాతదీ తెరుచుకోలేదు, కొత్తదీ తెరుచుకోలేదు. బ్యాకప్ ఉందిగా అని పెన్‌డ్రైవ్ పెట్టాను. అందులో ఒక్క షార్ట్‌కట్ ఉంది, అంతే. ప్రోగ్రాం తెరవడానికి డెస్క్‌టాప్ మీద నొక్కే బొమ్మ. గుమ్మం మీది పేరుబోర్డు ఊడదీసి తెచ్చుకుని, ఇల్లంతా భద్రంగా దాచానని అనుకున్నట్టు, ఇన్నేళ్లూ ఆయన రోజూ ఆ బొమ్మనే కాపీ చేస్తున్నాడు.

ఇక ఏ బస్తా ఎక్కడుందో చెప్పే లెక్కే లేదు. అంత చలిలో చాంబర్లన్నీ తెరిచి, వేల బస్తాలు ఒక్కొక్కటీ తిరగేసి వెతకాలి. నా ఉద్యోగం సంగతి తర్వాత గుర్తొచ్చిందంటే అబద్ధం. ముందు గుర్తొచ్చింది అదే.

అప్పుడే బెల్లంకొండ నుంచి వచ్చిన ఒక రైతమ్మ కిటికీ దగ్గర నిలబడింది.

"ఏందమ్మా, నా కాయలు యాడున్నయ్యో చెప్పటానికి ఇంతసేపా? బయట బండి నిలబడుంది. రేపు ఈ ధర ఉంటదో ఉండదో!"

"కంగారుపడమాక. అంతా ఆ పెన్‌డ్రైవ్‌లో ఉంది" అన్నాడు బాబాయి నవ్వుతూ.

వరండాలోకి వెళ్లి మా ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆగిన చోటి నుంచే మళ్లీ నడిపి చూడమన్నారు, వస్తుందని మాత్రం ఎవరూ అనలేదు. వచ్చి బటన్ నొక్కాను. తెర మీది గీత జరుగుతుంటే ఊపిరి తీసుకోవడానికి కూడా భయమేసింది.

తెరుచుకుంది. ఆమె పేరు కొట్టగానే చాంబరు, వరస వచ్చేశాయి. చీటీ తీసుకుని ఆమె బండి దగ్గరికి పరిగెత్తింది.

"చూశావా, బ్యాకప్ ఉంటే ఎంత ధైర్యమో!" అన్నాడు బాబాయి. ఆ మాట భరించలేకపోయాను. పెన్‌డ్రైవ్ తెరిచి చూపించాను. తెర దగ్గరికి వంగి చూశాడు.

"అయితే ఇందులో ఏం లేదా?"

"లేదు బాబాయ్."

"ఇందాక ఆమె అడిగినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. అసలు డేటాని ఎలా కాపీ చేయాలో చూపించాను. తనే చేసి, సరిగ్గా వచ్చిందో లేదో చూడమన్నాడు. మళ్లీ చేశాడు, మళ్లీ చూడమన్నాడు. బస్సు టైమయిందని లేచాను.

నా కుర్చీని మళ్లీ ముందుకు జరిపి, "ఇయ్యాల్టికి పోమాకమ్మాయ్" అన్నాడు.