గుండె గోడలో ఈల

నిన్న పొద్దున కుక్కర్ రబ్బరు పాతబడి, మూత పక్క నుంచి ఆవిరి సన్నగా సుయ్‌మంటూ కారింది. ఉడుకుతున్న కందిపప్పు వాసనతో పాటు నాకు మా నాన్న చేతిలోని కిరసనాయిలు గరాటు గుర్తొచ్చి, పొయ్యి ముందు నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ చప్పుడు నాకు కొత్తది కాదు. చిన్నప్పుడు అది నా గుండెలోనే ఉండేది.

అప్పుడు మేం భిలాయి సెక్టర్ 7లో ఉండేవాళ్లం. విజయనగరం వైపు నుంచి వచ్చిన మా నాన్న స్టీలు ప్లాంటులో ఆవిరి గొట్టాల పని చూసేవారు. సాయంత్రాలు ప్రతి క్వార్టరు ముందూ సిగిడీ కుంపట్లు రాజేస్తే బొగ్గు పొగ వీధంతా పరుచుకునేది, ఆ పొగలోనే ఒక ఇంటి నుంచి ఇంగువ తిరగమోత, పక్కింటి నుంచి ఆవనూనెలో వేగే చేప, ఇంకో ఇంటి నుంచి తీజ్ పండక్కి శనగపిండితో చేసే ఠేఠ్రీల వాసన కలిసి వచ్చేవి. ఒకసారి జ్వరమొచ్చి నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, బెంగాలీ డాక్టరమ్మ నా ఛాతీ మీద గొట్టం ఆనించి, జ్వరం సంగతి వదిలేసి, చాలాసేపు కళ్లు మూసుకుని వింది.

గుండెలో కింద రెండు గదులుంటాయని, కుడి గది నెత్తుటిని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే, ఎడమ గది ఒళ్లంతటికీ తోయాలి కాబట్టి దానికి బలం ఎక్కువని ఆవిడే చెప్పింది. ఆ రెంటికీ మధ్య ఒక గోడ. అది కింద వేలంత మందాన కండతో ఉంటుంది, పైకి పోయేకొద్దీ పలచబడి చివర ఉల్లిపొరలా ఉంటుంది. నా గోడకి కింది కండలో చిన్న కన్నం ఉంది. ఎడమ గది పిండినప్పుడల్లా కాస్త నెత్తురు ఆ సందులోంచి కుడి గదిలోకి చిమ్ముతోంది, ఆ చిమ్మడమే తనకి గొట్టంలో గట్టిగా వినిపిస్తున్న ఈ చప్పుడు. కండ పెరిగే వస్తువు కాబట్టి పిల్లతో పాటు అదీ పెరిగి కన్నం పూడిపోవచ్చు, పూడకపోతే అప్పుడు చూద్దాం, అందాకా మరీ అలసిపోనివ్వకండి అంది.

అంత చప్పుడేమిటని అమ్మ ఏడుస్తుంటే నాన్న మాత్రం తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. ఆవిరి గొట్టానికి సూదిమొనంత బెజ్జం పడితే షెడ్డంతా ఈల వేస్తుందని, కన్నం పెద్దదయ్యేకొద్దీ ఈల పోయి ఉత్త గాలి మిగులుతుందని ఆయనకి తెలుసు. డాక్టరమ్మ కూడా అవునంది. మా మామ్మకి మాత్రం అలసిపోనివ్వద్దన్న మాటొక్కటే చెవికెక్కింది.

"గుంటని అడుగు తీసి అడుగెయ్యనీకండర్రా" అని తీర్పిచ్చేసింది.

ఆ తీర్పుతో నా బతుకు కల్వర్టు గట్టు మీదికి చేరింది. వీధి పిల్లలంతా ఎర్రమట్టి ఎగరగొడుతూ, పేర్చిన రాళ్లని బంతితో కొట్టే పిట్టూల్ ఆడుతుంటే, నేను దోసెడు నేరేడు పళ్లతో గట్టు మీద కూర్చుని వాళ్ల చెప్పులకి కాపలా కాసేదాన్ని. నాలిక ఊదారంగుకి తిరిగేదాకా తిన్నా కడుపులో మంట చల్లారేది కాదు. ఆదివారాలు మాత్రం నావే. నాన్న కిరసనాయిలు గరాటుని బూడిదతో తోమి, వెడల్పు వైపు నా ఛాతీకి, సన్నటి వైపు తన చెవికి ఆనించుకునేవారు. "పలుకుతోందే అమ్మా, బాగా పలుకుతోంది" అనేవారు. తర్వాత వీధి పిల్లలు వరసకట్టి వినేవాళ్లు. గుండెలో ఈల ఉన్న పిల్ల సెక్టర్ మొత్తంలో నేనొక్కదాన్నేనని నాకు గొప్పగానే ఉండేది, కానీ ఆ గొప్పనంతా ఒక్క పరుగుకి ఇచ్చేసేదాన్ని.

దసరా వెళ్లిన ఆదివారం, దుర్గ పందిట్లో తిన్న కిచిడీ రుచి నోట్లో ఇంకా ఉండగానే, నాన్న గరాటు ఆనించి విని, తీసి దాని లోపలికి చూశారు. గరాటు దులిపి మళ్లీ ఆనించారు.

"ఏటయ్యిందిరా? సప్పుడు లేదేటి?" అంది మామ్మ.

నాన్న మొహం చూస్తే భయమేసింది. కన్నం పూడితే ఈల ఆగుతుంది, బాగా పెద్దదైనా ఈల ఆగుతుంది. ఆ రెండోదే ఆయన్ని పట్టుకుంది. ఆ పూట మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

మర్నాడు సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ ముందు నుంచి విని, వెనక నుంచి విని, పడుకోబెట్టి విని, గొట్టం మెడలో వేసుకుని నవ్వింది. "బంద్ హో గయా. కన్నం మూసుకుపోయింది. అబ్ జిత్నా చాహే దౌడో" అని నా బుగ్గ గిల్లింది. నాన్న ఆవిడకి దణ్ణం పెట్టబోయి సైకిల్ తాళంచెవి కింద పడేసుకున్నారు.

బయటికొచ్చాక నేను సైకిలెక్కలేదు. "నువ్వు తొక్కు నాన్నా, నేను పరిగెడతాను" అన్నాను.

"పరిగెట్టవే తల్లీ! నీ ఇష్టమొచ్చినంత పరిగెట్టు!"

గుల్‌మొహర్ చెట్ల కింద, ఇటుకరంగు క్వార్టర్ల ముందు నుంచి నేను పరిగెత్తాను. వెనకాల నాన్న సైకిల్ గంట ఆపకుండా మోగిస్తూనే ఉన్నారు. డొక్కలో పోటొచ్చింది, అదీ బాగుంది. జడ ఊడింది, చెప్పు తెగింది, రెండోదీ విసిరేశాను. మా కల్వర్టు దగ్గర పిల్లలు ఆట ఆపేసి కేకలేస్తూ నా వెంటపడ్డారు, ఒక్కడు కూడా నన్ను దాటలేకపోయాడు.

గుమ్మంలోంచి మామ్మ గుండెలు బాదుకుంది. "ఒరే, గుంటని ఆపరా!"

"ఆగదమ్మా, ఇంక ఆగదు!" అన్నారు నాన్న. ఆయన కళ్లలో నీళ్లు, చెయ్యి ఇంకా గంట మీదే.

ఆ క్వార్టర్లో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. సిగిడీల పొగ లేదు, కల్వర్టు మీద పిల్లలు లేరు, మామ్మా నాన్నా వెళ్లిపోయారు, గరాటు ఏ పాతసామాన్లవాడి బస్తాలో పోయిందో తెలియదు. నేను భిలాయి దగ్గర్లోనే కుమ్హారిలో స్థిరపడ్డాను. నిన్న కుక్కర్ ఆపి మనవరాలిని పిలిచి, నా ఛాతీకి చెవి ఆనించి ఏం వినిపిస్తోందో చెప్పమన్నాను.

"ధక్ ధక్, నానీ."

"ఇంకేం లేదూ?"

"ఔర్ కుఛ్ నహీ."

"అయితే పద, గేటు దాకా పందెం" అని చీర కుచ్చిళ్లు పైకి దోపుకున్నాను.