మైకు బాబాయి సొంత మాట

ఆ ఊళ్లో మైకు బాబాయికి అభిప్రాయం లేని విషయమంటూ లేదు. కొళాయి నీళ్లు సన్నగా ఎందుకు వస్తాయో ఆయనకు తెలుసు. హీరోలకు వయసు మీద పడేకొద్దీ పక్కన హీరోయిన్లు ఎందుకు చిన్నపిల్లలవుతారో తెలుసు. ఓటు అడిగేటప్పుడు వంగిన నడుము గెలిచాక ఎందుకు నిటారుగా బిగుసుకుపోతుందో అదీ తెలుసు. తెలిసినవన్నీ పొద్దున్నే గడియారాలు బాగుచేసే ఒకాయన కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, టీ గ్లాసు చేతిలో పట్టుకుని చెప్పేవాడు. చెప్పడం అయ్యేసరికి టీ చల్లారిపోయేది. వేడి టీ ఎలా ఉంటుందో ఆయన మర్చిపోయి చాలా ఏళ్లయింది.

"చిన్న ఊళ్లో రహస్యాలుండవురా, మర్యాదలుంటాయి," అనేవాడు. "అందరికీ అన్నీ తెలుసు. ఎవరూ తెలిసినట్టు కనపడరు. పెద్ద ఊళ్లో ఎవరికీ ఏమీ తెలీదు, అన్నీ తెలిసినట్టు తిరుగుతారు. అంతే తేడా."

మరి ఆయన పనో? అది పూర్తిగా దీనికి ఎదురు. బండి మీద రెండు లౌడ్ స్పీకర్లు కట్టుకుని, ఎవరేం చెప్పమంటే అది వీధివీధీ తిరిగి చెప్పడం. పొద్దున పాత ఛైర్మన్ గారిని ఊరి వెలుగనేవాడు. సాయంత్రం అదే నోటితో ఆయన మీద పోటీ చేసే పెద్దమనిషిని ఊరి ఆశాజ్యోతి అనేవాడు. కొత్త సినిమా వస్తే ఆయనే, నీళ్లు రాకపోతే ఆయనే. "ఏం బాబాయ్, పొద్దున ఒకణ్ణి మోసి సాయంత్రం ఇంకొకణ్ణి మోస్తున్నావ్?" అని ఎవరైనా దెప్పితే బాబాయి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"పోస్టుమాను ఉత్తరాలు విప్పి, నచ్చినవే పంచుతాడా? నా అభిప్రాయం బెంచీ మీద. మైకులో ఉండేది వాళ్ల మాట. ఈ రెండూ కలిపానా, ఇక నా గొంతుని ఎవడు నమ్ముతాడు?"

ఆ నియమం ఆయన ఎన్నడూ తప్పలేదు. చెప్పుకోవాల్సిందే, అటువంటి నీతి పార్టీలు మార్చేవాళ్లలో కూడా ఉంటే ఊరు ఎప్పుడో బాగుపడేది.

ఆయన ప్రాణం పెట్టి చేసే ప్రకటన మాత్రం ఒక్కటే: మనిషి తప్పిపోయారన్నది. సంతలోనో బస్టాండులోనో ఎవరైనా తప్పిపోయారని పరుగెత్తుకొస్తే, ముందు వాళ్లను కూర్చోబెట్టి వయసెంత, ఎత్తెంత, ఏ రంగు బట్టలు అని అడిగేవాడు. మిగతావన్నీ చెప్పిన మనిషి బట్టల రంగు దగ్గర నీళ్లు నమిలేవాడు. మర్నాడు బెంచీ మీద బాబాయి చెలరేగిపోయేవాడు. "పెళ్లాం ఏ రంగు బట్టల్లో గడప దాటిందో తెలీదట. హీరో ఏ సినిమాలో ఏ చొక్కా వేశాడో మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. వీడొక మొగుడు."

ఆయన భార్యని ఊరంతా పిన్ని అనేది. ఆయన బాబాయి కాబట్టి ఆవిడ పిన్ని, అంతే. బాబాయి మాత్రం ఆవిడని పేరుతోనూ పిలవడు, వరసతోనూ పిలవడు. "ఇదిగో," అంటాడు. వాకిట్లో నుంచి ఇదిగో అంటే మంచినీళ్లు, మంచం మీద నుంచి అంటే దుప్పటి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అంటే ఆకలి. ఆవిడకి అర్థం అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

అలాంటిది, ఎన్నికలు ముంచుకొస్తున్న రోజుల్లో బాబాయి గొంతు బొంగురుపోయింది. కంచు కాస్తా రేకు అయింది. గొంతు డాక్టరమ్మ లోపల దీపం వేసి చూసి, చిన్న కాయ లేచింది, తీసెయ్యాలంది. ఆపరేషనుకి వెళ్లే ముందు బాబాయి తెలివిగా అందరి ప్రకటనలూ రికార్డు చేసి ఇచ్చేశాడు: పాత ఛైర్మన్‌ది, ఆయన మీద పోటీచేసే పెద్దమనిషిది, ఇంకా కూడలిలో కొత్తగా కట్టిన మూడంతస్తుల బట్టల దుకాణానిది. ఆ దుకాణం తెరవడానికి సినిమా హీరో వస్తున్నాడు. దుకాణం యజమాని రాసిచ్చిన కాగితంలో 'విశాలమైన ఏర్పాట్లు' అని ఉంది. ఆ కూడలిలో రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందేనని బాబాయికి తెలుసు. అయినా వాళ్ల మాట వాళ్లది. చదివేశాడు.

ఆపరేషను అయ్యాక డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "మళ్లీ నాకు చూపించేదాకా మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు. పుండు మానకముందే గొంతెత్తారంటే, ఆ తర్వాత మీ గొంతు మీకు రాదు. నేనూ ఏం చేయలేను."

"మాట్లాడకుండా ఉండటానికేమైనా మందుంటే రాయండమ్మా," అంది పిన్ని. "నా వల్ల కాదు."

గొంతే బతుకైన మనిషి. భయపడ్డాడు కాబట్టి నోరు కట్టేసుకున్నాడు. పిన్ని ఒక పలకా బలపమూ తెచ్చిచ్చింది. బెంచీ దగ్గర ఆ పలకతో పడ్డ పాట్లు చూసి తీరాలి. ఛైర్మన్ మీద వాదన నడుస్తుంటే బాబాయి పంటి బిగువున ఒక ఘాటైన జవాబు రాసి పలక పైకెత్తేవాడు. అప్పటికి వాదన సినిమాల్లోకి పోయేది. చెరిపి సినిమా మీద రాసేసరికి ధరలు పెరగడం మీదికి పోయేది. ఈలోగా రెండు పార్టీల ప్రచారం బండ్లూ కూడలిలో ఎదురుపడి, ఇటువైపు బాబాయి గొంతూ అటువైపు బాబాయి గొంతూ ఒకదాన్నొకటి దుమ్మెత్తిపోసుకునేవి.

"బాబాయ్, ఇద్దర్లో నువ్వెవరివి?" అన్నాడు గడియారాలాయన కంటి మీది భూతద్దం తీసి.

'బెంచీ మీద ఉన్నవాణ్ణి' అని రాశాడు బాబాయి, దిగులుగా.

ఇంట్లో మాత్రం ఒక వింత జరిగింది. మొదట్లో పిన్ని ఆ నిశ్శబ్దాన్ని చుట్టం వచ్చినట్టు బెరుగ్గా చూసింది. తర్వాత మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, ఆగకుండా.

"పాత ఛైర్మన్ తిన్నాడు, కాదనను. కానీ వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు తనే దువ్వెన పట్టుకుని తల దువ్వేవాడు, నేను చూశాను. ఆయన మీద పోటీచేసే ఆయన మంచోడే, కానీ పెళ్లాం మాట్లాడుతుంటే గడియారం చూసుకుంటాడు. ఎవరికెయ్యాలో తేల్చుకోలేకపోతున్నానండీ."

బాబాయి గుడ్లప్పగించి విన్నాడు. ఇన్నేళ్లూ తన ఇంట్లో ఇంకో పార్టీ ఉందని, అది తనకన్నా బాగా ఊరిని చూస్తోందని ఆయనకి ఇప్పుడే తెలిసింది. కాస్త గర్వమూ వేసింది, కాస్త ఉడుకూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ హీరో సంగతి ఎత్తింది. బాబాయికి హీరోలంటే మంట. తెర మీద ఒక్కడే యాభై మందిని చితక్కొడతాడు, తెర బయట చుట్టూ యాభై మంది ఉంటే గాని అడుగు తీసి అడుగు వెయ్యలేడు అని ఆయన పేటెంటు మాట. అది తెలిసే పిన్ని వాళ్ల సినిమాలు టీవీలో సౌండు తగ్గించి చూసుకునేది.

"ఒక సినిమాలో పెళ్లానికి జ్వరమొస్తే ఆయన వంట చేస్తాడండీ. చేతకాదు, మాడ్చేస్తాడు. మంచిది ఆవిడకి తీసిపెట్టి మాడింది తను తింటాడు." కూరగాయల కత్తి పక్కన పెట్టింది. "నటనే అనుకోండి. అయినా, ఒకసారి చూసొద్దామా?"

బాబాయి పలక అందుకున్నాడు. 'రంగు పూసిన బొమ్మని చూడ్డానికా? నలుగురూ నవ్వుతారు.'

పిన్ని చదివింది. చీకటి పడ్డాక లైటు వేసినంత మామూలుగా, పలకని తడిగుడ్డతో తుడిచి ఆయన పక్కన పెట్టింది. "సర్లెండి," అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆడవాళ్లు సర్లెండి అన్నాక ఎత్తకపోతే విషయం ముగిసిందనుకోవడం మగవాళ్ల అమాయకత్వం.

దుకాణం తెరిచే రోజు భోజనాలయ్యాక, "కుట్టు మిషనావిడ దగ్గరికి వెళ్లొస్తా," అని గుమ్మంలోంచి చెప్పింది. బాబాయి పేపరు చదువుతున్నాడు. తలెత్తకుండానే ఊపాడు.

కాసేపటికి గడియారాలాయన రొప్పుకుంటూ వచ్చాడు. "కూడలి కిక్కిరిసిపోయింది బాబాయ్. చుట్టుపక్కల ఊళ్లన్నీ దిగాయి. అడ్డుగా కట్టిన కర్రలు విరిగాయి, జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు. పిన్ని ఏది?"

బాబాయి కుట్టు మిషను తిప్పినట్టు చేత్తో చూపించాడు.

"ఆవిడ కొట్టుకి తాళం వేసుందే. ఇద్దరూ కలిసి హీరోని చూడ్డానికి వెళ్లుంటారు." అంటూనే పిన్ని ఫోనుకి కలిపాడు. అది వంటింట్లో, ఉప్పు డబ్బా పక్కన మోగింది.

బాబాయి చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. కూడలి దగ్గరికొచ్చేసరికి ఎదురుగా తన గొంతే వినిపించింది. రండి, తరలిరండి, మీ అభిమాన హీరోని కళ్లారా చూడండి, విశాలమైన ఏర్పాట్లు. ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా వెనకున్నవాళ్లు ముందుకి తోస్తున్నారు. లోపల ఎక్కడో ఆడవాళ్లు కేకలు పెడుతున్నారు. ఎవరి కేక ఎవరిదో తెలియడం లేదు. బాబాయికి తన గొంతు మీద తనకే అసహ్యం వేసింది.

పక్క సందులోంచి వెళ్లి దుకాణం ముందు కట్టిన వేదిక ఎక్కాడు. దుకాణం యజమాని మొహం వెలిగిపోయింది. "సమయానికొచ్చావ్ బాబాయ్. హీరో గారి కారు మలుపు తిరిగింది. స్వాగతం నీ నోటితో రెండు ముక్కలు—"

బాబాయి ముందు ఆ రికార్డు ఆపేశాడు. మైకు అందుకున్నాడు. డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది. గుర్తుండే నోరు తెరిచాడు.

"తప్పిపోయిన మనిషి ప్రకటన." గొంతు గచ్చు మీద రేకు ఈడ్చినట్టు వచ్చింది. "ఆడమనిషి. యాభై దాటిన వయసు. సన్నగా, పొట్టిగా ఉంటుంది. బట్టల రంగు…"

అక్కడ ఆగిపోయాడు. ఏ రంగో తెలీదు. గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్లింది, తను తలెత్తలేదు. ఇన్నేళ్లు బెంచీ మీద తిట్టిన మొగుళ్లందరూ కలిసి ఇప్పుడు వేదిక మీద తనై నిలబడ్డారు. స్పీకర్లలో ఊరంతా ఆయన ఊపిరి వినపడుతోంది.

"ఇదిగో," అన్నాడు.

ఎన్నడూ ఊరు వినని గొంతు అది. ఇంట్లో గొంతు.

"ఇదిగో, నేనే. ఎక్కడున్నావ్? నీకేం కాలేదు కదా? అయ్యా, ఎవరూ తోసుకోకండి. విశాలమూ లేదు, ఏర్పాట్లూ లేవు. ఈ కూడలి సంగతి నాకు తెలుసు, తెలిసే చెప్పాను. దయచేసి తలా ఒక అడుగు వెనక్కెయ్యండి. ఆ గుంపులో మా ఆవిడుంది."

హీరో గారి కారు వచ్చింది కూడా అప్పుడే. ముందు వరసల్లో ఈలలు లేచాయి. కానీ ఆ గొంతు ఆగమంటే ఆగడం, రమ్మంటే రావడం ఆ ఊరికి అలవాటు. చివర్న ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు. వాళ్లను చూసి వాళ్ల ముందువాళ్లు జరిగారు. కాస్త గాలి ఆడింది. కింద పడ్డవాళ్లు లేచారు. బాబాయి ఇంకోసారి ఇదిగో అనబోయాడు, మాట రాలేదు.

పిన్ని పక్క సందులోంచి వచ్చింది. ఒక కాలికే చెప్పుంది, మోచెయ్యి గీరుకుపోయింది. ఆవిడ కట్టుకున్నది పసుపు రంగు చీర. పసుపు మీద ఆకుపచ్చ అంచు. బాబాయి ఆ రంగుల్ని అప్పజెప్పాల్సిన పాఠంలా కళ్లతో చదువుకున్నాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"డాక్టరమ్మ ఏం చెప్పింది, మీరేం చేశారు?" అంది పిన్ని. "ఊరందరి ముందు అలా పిలుస్తారా ఎవరైనా? గుంపులో సగం మంది ఆడవాళ్లు వాళ్ల మొగుళ్లేమో అని వెనక్కి తిరిగారు." తిడుతూనే ఆయన చెయ్యి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

డాక్టరమ్మ చూసి పెదవి విరిచింది. మాట వస్తుంది గానీ ఆ కంచు ఇక రాదంది. పార్టీలవాళ్లూ సినిమావాళ్లూ వేరే గొంతు చూసుకున్నారు. పాత ఛైర్మనే మళ్లీ గెలిచాడు. నడుము మళ్లీ బిగుసుకుంది. ఇప్పుడు బాబాయి రేకు గొంతు ఊళ్లో రెండింటికే వినపడుతుంది: నీళ్లు రాని రోజు, మనిషి తప్పిపోయిన రోజు. ఆ గొంతు వినపడితే పనిచేసుకుంటున్నవాళ్లు చెయ్యి ఆపి మరీ వింటారు. అభిప్రాయాలకేం తక్కువ లేదు గానీ, నాలుగు ముక్కలకే గొంతు పట్టేస్తుంది కాబట్టి ఎంచి ఎంచి చెబుతున్నాడు. టీ వేడిగా తాగుతున్నాడు. ఇంట్లో మాట్లాడే వంతు పిన్నిదే అయిపోయింది.

ఒక పొద్దున ఆవిడ గడియారం బాగు చేయించుకోవడానికి కొట్టు దగ్గరికి వచ్చింది. గడియారాలాయనకి అప్పటికి ధైర్యం వచ్చినట్టుంది. "ఇంతకీ పిన్నీ, హీరో దగ్గర్నుంచి ఎలా ఉన్నాడు?"

ఆ సంగతి తను ఒక్కసారీ అడగలేదని బాబాయికి అప్పుడు గుర్తొచ్చింది. గ్లాసు బెంచీ మీద పెట్టి ఆవిడ వైపు చూశాడు.

"ఎక్కడ చూశానయ్యా," అంది పిన్ని. "కారు తిన్నగా నా ముందుకొచ్చే ఆగింది. తలుపు తెరుచుకుంది, బూటు కాలు కిందపెట్టాడు. సరిగ్గా అప్పుడే ఈయన ఇదిగో అన్నారు. ఇటు తిరిగాను. మళ్లీ అటు చూడలేదు."