ఇసుక బస్తాలు భయపడవు

ఈ ఉదయం మంథని రేవులో కొత్త పడవ ఇంజన్‌ను మొదటిసారి స్టార్ట్ చేశాము. వేడెక్కిన పొగగొట్టం మీద గోదావరి నీళ్లు చిందగానే సుయ్యిమని ఆవిరి లేచింది. డీజిలు, నాచు, కాలిన రంగు కలిసిన ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతటదే చొక్కా జేబులోని చాక్‌పీసు మీదికి పోయింది. సామ్యేలు మేస్త్రి పోయి రెండేళ్లయింది. ఆయన్ను ఎరగనివాళ్లకు ఆయన గురించి చెప్పాలంటే నేను ఆ వాసన దగ్గరే మొదలుపెడతాను. ఎక్కడ ముగించాలో మాత్రం ఇవాళటిదాకా నాకు తెలియలేదు.

మేస్త్రి మందమర్రిలో ముప్పై ఏళ్లు బాయిపని చేశాడు. బాయి అంటే మా వైపు బొగ్గుగని. అక్కడ బొగ్గు మోసే డంపర్ లారీల ఇంజన్లు విప్పి బిగించడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక కాలనీ చివర రేకుల షెడ్డు వేసి, వేలంలో తుక్కు కింద పోయే ఆ ఇంజన్లనే తెచ్చి పడవలకు అమర్చడం మొదలుపెట్టాడు. వరద గోదావరికి ఎదురు ఉరకాలంటే చిన్న మోటార్లు చాలవు. పాలిటెక్నిక్ చదివి, రెండు ఆఫీసుల్లో కుర్చీ అరగదీసి, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో నేను ఆయన దగ్గర చేరాను. నాకన్నీ తెలుసన్న పొగరు నిండుగా ఉండేది. మొదటిరోజే నా డ్రాయింగులు ముందు పరిచాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "మంచిగనే గీసినవ్ బిడ్డా. కని భూమి మీద నిలవడి పనిచేసేదాన్ని నీళ్లల్ల ఊగుకుంట చెయ్యమంటున్నం. జర దాని పరేషాన్ గూడ సూడాలె గదా?" అన్నాడు.

ఆ ఇంజన్ పరేషానేమిటో నెమ్మదిగా తెలిసింది. డంపర్ మీద ఉన్నప్పుడు దాన్ని ఫ్యాను, రేడియేటరు చల్లబరుస్తాయి. పడవలో అవి పీకేసి నది నీళ్లతో చల్లబరచాలి. వేగం అందుకోగానే పడవ ముక్కు పైకి లేస్తుంది, ఇంజన్ అడుగున ఉండే ఆయిలంతా వెనక్కి పారుతుంది. అందుకని ఆయిల్ చాంబర్ లోపల అడ్డపలకలు వెల్డింగ్ చేసేవాళ్లం. అన్నిటికన్నా ఆయనకు భయం పొగగొట్టమంటేనే. అది పడవ వెనక పలకలోంచి బయటికి పోతుంది. పరుగెత్తే పడవ ఒక్కసారిగా నెమ్మదిస్తే వెనకనుంచి వచ్చే అల గొట్టంలోకి ఎక్కి ఇంజన్‌లోకి దిగుతుంది. ఇక అంతే, అది మళ్లీ తిరగదు. "బాయిల మేం నీళ్లతోని నిప్పును సంపేటోళ్లం. గీడ గా నీళ్లే ఇంజన్‌ను సంపుతయి," అనేవాడు మేస్త్రి.

అందుకే గొట్టాన్ని ముందు ఎత్తుకు లేపి, అక్కడినుంచి వంచి బయటికి వదిలేవాళ్లం. ఎంత ఎత్తన్నది చాక్‌పీసు గీత చెప్పాలి. పడవను నీళ్లలోకి దించి, దానిలో ఎక్కబోయే ఊరివాళ్లనే పిలిచి నిండా కూర్చోబెట్టేవాడు. సద్దిమూటలతో, పిల్లలతో, మేకలతో సహా. వాళ్లు మాట్లాడుకుంటూ, బీడీలు కాలుస్తూ, అటూ ఇటూ జరుగుతూ పూటంతా గడపాలి. అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తే అక్కడ గీత. నాకు నవ్వొచ్చేది. బరువు బరువే కదా, లెక్క కడితే పోదా అనేదాన్ని. "లెక్క నీకు తెలుసు. మనుషులు తెల్వది," అనేవాడు. తర్వాత ఇంజన్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, చర్చిలో చేసినట్టే చిన్న ప్రార్థన చేసేవాడు. పడవ తీసుకునేవాళ్లు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టేవాళ్లు. ప్రసాదం ముక్క ఆయనా తినేవాడు.

మంథని దగ్గరి జాలరి పోశం పడవకు గీత గీసే వంతు నాకొచ్చింది. మేస్త్రి జ్వరంతో మందమర్రిలో మంచం పట్టాడు. నాట్ల కాలం, ఊళ్లో ఎవరిని పిలిచినా పొలం వదిలి రామన్నారు. మబ్బులు కమ్ముతుంటే పోశం, "అక్కా, జల్దీ జెయ్యే, వాన మనకోసం ఆగుతదా?" అని తొందరపెట్టాడు. రేవులో ఇసుకకు కొదవేముంది? గోనె బస్తాల్లో ఇసుక నింపించి, మనిషికి ఒకటి లెక్కన అడుగు పలకల కిందా పైనా వరసగా పేర్చి, గంటలో గీత గీసేశాను. సాయంత్రం మేస్త్రి ఫోన్ చేశాడు.

"మనుషులను కూసోవెట్టినవా బిడ్డా?"

"కూసోవెట్టిన మేస్త్రీ," అన్నాను. ఛీ, ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చింది నా నోట్లోంచి!

ఆ వానాకాలంలోనే వరదొచ్చింది. అవతలి ఒడ్డున చిక్కుకున్నవాళ్లను తేవడానికి పోశం పడవ తీశాడు. పోయేటప్పుడు ఇంజన్ బ్రహ్మాండంగా పరుగెత్తిందట. వచ్చేటప్పుడు ముందునుంచి నీళ్లు ఎగిరి మొహాన కొడుతుంటే జనమంతా భయంతో వెనక్కి, ఇంజన్ దగ్గరికి జరిగారు. వెనక భాగం కుంగింది. అదే సమయంలో కొట్టుకొచ్చిన మొద్దును తప్పించడానికి పోశం వేగం తగ్గించాడు. ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. పోశం తాడు నడుముకు కట్టుకుని దూకి, ఒక తుమ్మచెట్టుకు పడవను కట్టాడు. ఎక్కినవాళ్లంతా బతికారు. వాళ్లను దింపుతుండగా ప్రవాహం అతన్ని లాక్కుపోయింది. మూడో రోజు దొరికాడు.

వరద తగ్గాక పడవను ఒడ్డుకు లాగారు. మేస్త్రి ఇంజన్ విప్పితే లోపలంతా నీళ్లే. తర్వాత అడుగు పలకలు ఎత్తాడు. కింద ఒక గోనె బస్తా. నేను తీయడం మరిచిన ఇసుక బస్తా. ఆయన దాన్ని చూశాడు. నన్ను చూశాడు. ఆయన బస్తా భుజానికెత్తుకుని నీళ్లదాకా పోయి, ఇసుక గుమ్మరించి, గోనెను దులిపి మడిచి చంకలో పెట్టుకున్నాడు. విచారణకొచ్చిన ఆఫీసరుతో, "కొలత నాదే సార్. తప్పు నాదే," అన్నాడు. పోశం భార్య రాజవ్వ దోసిళ్లతో మన్ను ఎత్తి ఆయన మీద పోసింది. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. పక్కన నేను రాయిలా నిలబడ్డాను.

బస్సులో తిరిగొస్తూ ఒక్క మాటన్నాడు. "ఇసుక బస్తాలు భయపడయి బిడ్డా. మనుషులే భయపడ్తరు." అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు. పడవ పని మాత్రం మానేశాడు. నాలుగేళ్లు నీటి పంపులు బాగుచేస్తూ బతికాడు. రోజూ పక్కనే ఉన్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఆయన్ను సమాధిలోకి దించడం చూశాను.

ఆయన మానేసిన పడవ పని ఇప్పుడు నేను చేస్తున్నాను. ఇవాళ రేవులో కూర్చోబెట్టడానికి ఊరివాళ్లను పిలిస్తే వాళ్లలో రాజవ్వ కూడా వచ్చింది. ఒడ్డునే నిలబడి పడవను చూస్తోంది. దగ్గరికి పోయాను. చెప్పాను.

"రాజవ్వా, గా గీత మేస్త్రి గీసింది కాదు. నేను గీసిన. బస్తాలు పెట్టి మనుషులని అబద్ధం జెప్పిన."

ఆమె నది వైపు తిరిగింది. "గిన్నేండ్లు గా ముసలాయనను మన్నుల గలవ అని పొద్దుమాపు తిట్టుకున్న. మన్నుల గలిసినంక జెప్తున్నవా?" అంది.

ఆమె కొంగు నడుముకు చెక్కి పడవెక్కింది. అందరినీ దాటుకుంటూ పోయి వెనకాల, ఇంజన్ పక్కన కూర్చుంది. మిగతావాళ్లనూ పిలిచింది. "అందరు గీడికే రండ్రి. పడవెంత మునుగుతదో సూడనీయుండ్రి దాన్ని."

మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాను. లెక్కకట్టి నేననుకున్న చోటికి జానెడు పైన నీళ్లున్నాయి. జేబులోంచి చాక్‌పీసు తీసి అక్కడ గీశాను.