హీప్ అంటే కుప్ప

బెజవాడ సింగ్‌నగర్‌లో మా వీధి మొదట్లో సంజీవరావు గారి స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ ఉండేది. ముందు గదిలో క్లాసు, వెనక రెండు గదుల్లో ఆయనా, భార్య ఛాయాదేవి గారూ. ఒకప్పుడు గది చాలక వరండాలో కూడా బల్లలు వేసేవారు. ఫోన్లలో ఇంగ్లీషు నేర్పే యాప్‌లు వచ్చాక పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. రెండువేల ఇరవైనాలుగు ఆగస్టు నాటికి మిగిలింది నాగలక్ష్మి ఒక్కతే.

నాగలక్ష్మిది నాగాయలంక వైపు చేపలు పట్టే కుటుంబం. పెళ్ళై బెజవాడ వచ్చి, పాయకాపురం రోడ్డు పక్కన చేపలు అమ్మేది. మంచుగడ్డల్లో నానీ నానీ వేళ్ళు పగిలిపోయేవి. పదో తరగతి పాసైంది కాబట్టి, ఎలాగైనా బట్టల షోరూమ్‌లో సేల్స్ ఉద్యోగం తెచ్చుకోవాలని ఆమె పట్టుదల. సరుకు అమ్ముడయ్యాక స్నానం చేసి మధ్యాహ్నం క్లాసుకి వచ్చేది. తన దగ్గర వాసనేమైనా వస్తుందేమోనని కిటికీ పక్కనే కూర్చునేది.

ఒకరోజు మాస్టారు బోర్డు మీద ‘హీప్’ అని రాశారు. అల్మారాలోంచి నాలుగు పుస్తకాలు తెచ్చి బల్ల మీద ధబాలున పడేశారు.

“ఇది హీప్. అంటే కుప్ప,” అన్నారు. వాటినే ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చారు. “ఇప్పుడిది స్టాక్. పైల్ అంటే ఎలా ఉన్నా చెల్లుతుంది.”

“మేం చేపలు పోగులు పెడతాం కదండీ, అదేంటండి?”

“అదీ హీపేనమ్మా. ఇంకోటి విను. వాళ్ళు టైముని కూడా కుప్ప పోస్తారు. హీప్స్ ఆఫ్ టైమ్ అంటారు.”

నాగలక్ష్మికి నవ్వొచ్చింది. “టైముని కుప్ప పోయడమేంటి మాస్టారూ?”

“మనం కుప్పలుతెప్పలుగా అనమూ? అలాంటిదే. బోలెడంత టైముందని.”

“మరి టీవీలో లాట్స్ లాట్స్ అంటారు?”

“లాట్స్ ఎక్కడైనా అనొచ్చు. హీప్స్ మాత్రం మనవాళ్ళతోనే. ఇంటర్వ్యూలో లాట్స్ అను, బాగుంటుంది.”

ఆమె ‘లాట్స్ ఆఫ్ ఎక్స్‌పీరియెన్స్’ అని పలకడం మొదలుపెట్టింది. ఎక్స్‌పీరియెన్స్ దగ్గర నాలుక మడతపడేది. ఆయన విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ అనిపించేవారు. క్లాసు నిండా మనుషులున్న రోజుల్లో కూడా మాస్టారు అంత ఇష్టంగా పాఠం చెప్పలేదని ఛాయాదేవి గారు తరవాత మాతో అన్నారు.

బెంజి సర్కిల్ దగ్గర కొత్త షోరూమ్‌లో సోమవారం ఇంటర్వ్యూ అన్నారు. ఆదివారం పొద్దున్నే బుడమేరు వాగు పొంగి ఊళ్ళోకి వచ్చింది. గుమ్మం దాటిన నీళ్ళు చూస్తుండగానే కిటికీల దాకా వచ్చేశాయి. మాస్టారూ ఛాయాదేవి గారూ మా మేడ మీదికి ఎక్కారు. పడవలు వచ్చేదాకా అందరం అక్కడే ఉన్నాం. వానలో తడుస్తూ ఆయన పిట్టగోడ దగ్గరే నిలబడి తన ఇంటివైపు చూస్తుండేవారు.

నీళ్ళు తీశాక వీధంతా పరుపులు, ఫ్రిజ్‌లు, తడిసిన బియ్యం, పిల్లల పుస్తకాలు. మాస్టారి అల్మారాలో డిక్షనరీలు ఉబ్బిపోయి ఒకదానికొకటి బిగుసుకుపోయాయి. ఎంత లాగినా రాలేదు. చివరికి అల్మారాతో సహా వీధిలోకి తోశారు. చెత్త ట్రాక్టరు మీదొచ్చిన మనిషి ఒక క్షణం ఆగాడు.

“పుస్తకాలున్నట్టున్నాయి. ట్రాక్టర్లో వేసేయమంటారాండీ?”

“వేసేయండి,” అన్నారు మాస్టారు.

షోరూమ్ వాళ్ళు నాగలక్ష్మిని మరో తారీఖుకి పిలిచారు. వెళ్ళొచ్చిన సాయంత్రం ఆమె బురద వాసన కొడుతున్న క్లాసు గదిలోకి వచ్చి, బల్లలు లేకపోవడంతో గుమ్మంలోనే నిలబడింది.

“ఇంగ్లీషులో ఏం అడిగారు?” అన్నారు మాస్టారు ఆత్రంగా.

“ఏం అడగలేదండీ. అంతా తెలుగులోనే మాట్లాడారు. టెన్త్ ఒరిజినల్ అడిగారు. వరదలో పోయిందన్నాను. వయసెంతన్నారు. ముప్పై నాలుగన్నాను. చిన్న వయసువాళ్ళు చాలామంది వచ్చారమ్మా, చూద్దాం అన్నారు.”

“సర్టిఫికెట్ మళ్ళీ తెప్పించవచ్చు.”

“తెప్పించినా తీసుకోరండీ. వాళ్ళ మొహాలు చూస్తే తెలిసింది.”

ఆమె గుమ్మం దిగుతూ, “వస్తానండీ. పొద్దున్నే సరుకు ఎత్తుకోవాలి,” అని వెళ్ళిపోయింది. ఆ తరవాత క్లాసుకి ఎవరూ రాలేదు. ఇంటి ఓనరు ముందు గదిని మంచినీళ్ళ క్యాన్లు అమ్మేవాళ్ళకి ఇచ్చాడు.

ఇప్పుడు మాస్టారు దంపతులు కంకిపాడులో, ఛాయాదేవి గారి తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు. ఆ తమ్ముడికి ఎరువుల కొట్టుంది. మాస్టారు పగలంతా అందులో కూర్చుంటారు. ఈమధ్య నేను వెళ్ళినప్పుడు పక్కన టీ తాగుతున్న రైతొకాయన, “మీరు మాస్టారటగా, ఏం చెప్పేవారండీ?” అని అడిగాడు.

సంజీవరావు గారు నావైపు చూడకుండా, “లెక్కలండీ,” అన్నారు.